వేళకు సరుకు, వేళకు సొమ్ము

1997 ఫిబ్రవరి 1, ఇంకా తెల్లవారలేదు. జపాన్‌లోని కరియా పట్టణంలో ఐసిన్ సీకి కర్మాగారం ఒకటి మంటల్లో చిక్కుకుంది. అక్కడ తయారయ్యేది అరచేతిలో ఇమిడే బ్రేకు వాల్వు. టయోటా కార్లకు కావలసిన ఆ వాల్వులు ఇంచుమించు అన్నీ అక్కడి నుంచే వెళ్లేవి. ఏ పూటకు ఎన్ని కావాలో అన్నే తెప్పించుకోవడం టయోటా పద్ధతి కాబట్టి చేతిలో పెద్దగా నిల్వ లేదు. కొద్ది రోజుల్లోనే జపాన్‌లోని దాని కార్ల కర్మాగారాలు దాదాపు అన్నీ ఆగిపోయాయి.

‘జస్ట్ ఇన్ టైమ్’ అనే ఈ పద్ధతిని తప్పుపట్టేవారు ఈ ప్రమాదాన్ని ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. తర్వాతి కథ అంతకన్నా గొప్పది. ఐసిన్ ఇంజినీర్లు వాల్వు డ్రాయింగులను చేయగలిగినవారందరికీ పంచారు. 60కి పైగా కంపెనీలు సొంత పని పక్కనపెట్టి వాల్వుల తయారీకి దిగాయి. కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా వాటిలో ఉంది. ధర ఎంతని, ఒప్పందం ఏదని ముందుగా ఎవరూ బేరమాడలేదు. వారం పది రోజుల్లోనే కార్ల తయారీ మళ్లీ గాడిన పడింది. గోదాములో లేని పూచీ ఇరుగుపొరుగు కంపెనీల దగ్గర దొరికింది.

ఈ పద్ధతి కలిమిలో పుట్టింది కాదు. టయోటా మోటార్‌ను స్థాపించిన కీచిరో టొయోడా యుద్ధానికి ముందే దీన్ని తలపెట్టారు. 1950లో ఆ కంపెనీ దివాలా అంచుకు వెళ్లింది. కార్మికులను తీసేశారు, ఆయన పదవి వదులుకున్నారు. అలాంటి చోట తాయిచి ఓనో అనే ఇంజినీరు అమెరికా సూపర్ మార్కెట్ అరల నుంచి ఒక కిటుకు పట్టుకున్నారు: కొనేవారు తీసినంతే మళ్లీ నింపాలి. భాగాలు బిగించే చోటు నుంచి కన్బన్ అనే చీటీ వస్తేనే, వాటిని చేసే చోట పని మొదలవుతుంది; చీటీలో ఎన్ని రాస్తే అన్నే. నిల్వ తగ్గడం అందులో పైకి కనిపించే లాభం మాత్రమే. గాదె నిండుగా ఉన్నన్నాళ్లూ ఎలుకలు ఎంత తిన్నాయో తెలియదు. నిల్వలు కొండలా ఉన్నన్నాళ్లూ ఏ యంత్రం మొరాయిస్తోందో, ఏ భాగం వంకరగా వస్తోందో కూడా అంతే. ఓనో ఆ తప్పులను బయటికి లాగాలనుకున్నారు. ఆ పద్ధతి కంపెనీ అంతటా పాకడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

మన దగ్గర చాలామంది ఆ పదేళ్ల ఓపికను వదిలేసి చీటీని మాత్రం తెచ్చుకున్నారు. పెద్ద కంపెనీ తన గోదామును ఖాళీ చేసుకుంటుంది. పొద్దున చెప్పిన సరుకు సాయంత్రానికి గేటు దగ్గర ఉండాలంటుంది. ఆలస్యమైతే జరిమానా. అందుకు భయపడి, పారిశ్రామికవాడలోని చిన్న షెడ్డు యజమాని అప్పు తెచ్చి నెలకు సరిపడా భాగాలు ముందే చేసి పేర్చుకుంటాడు. నిల్వ ఎక్కడికీ పోలేదు. గేటు దాటి బయటికి వచ్చింది, వడ్డీతో సహా. దీన్ని జస్ట్ ఇన్ టైమ్ అనడం ఓనోకు అన్యాయం.

సరుకుకు గంటల లెక్క చూసేవారు బిల్లుకు నెలల లెక్క చూడటం ఇంకా బాధాకరం. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ చక్రవడ్డీ. గడువు దాటాక చెల్లిస్తే ఆ ఖర్చును చెల్లించిన ఏడాది ఆదాయపు పన్ను లెక్కలోనే చూపాలన్న నిబంధన కూడా 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అయినా ఫిర్యాదు చేస్తే రేపటి ఆర్డరు పోతుందన్న బెంగ ఆ షెడ్డు యజమానిని వదలదు. కొనేవాడే పిలిచి, సరుకు దిగిన వారంలో సొమ్ము ఇస్తే ఆ బెంగ పోతుంది. అప్పుడు పేర్చిన నిల్వా దానంతటదే కరుగుతుంది.

కరియా మంటలు చల్లారాక టయోటా తన సరఫరాదారులను మరచిపోలేదు. ప్రమాదం జరిగిన త్రైమాసికంలో వారు తనకు అమ్మిన సరుకు విలువలో ఒక శాతం చొప్పున అదనంగా లెక్కకట్టి ఇచ్చింది. అందుకున్న కంపెనీల్లో చాలా వరకు తమకు భాగాలు చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులకూ అదే లెక్కన పంచాయి.