ఏడాది జాడీ

కృష్ణా జిల్లాలోని అవనిగడ్డ ఉపాధ్యాయ నియామక పరీక్షల శిక్షణకు పేరుపడిన ఊరు. దూరపు పల్లెలనుండి వచ్చి అచ్చటి అద్దెగదులలో చదువుకొనువారి సామానులో పుస్తకములతోపాటు ఆవకాయ జాడీయు, కందిపొడి డబ్బాయు ఉండును. కరెంటు కుక్కరులో ఇంత అన్నము ఉడికినచో పూట గడచును. కూరకు పెట్టవలసిన డబ్బు దరఖాస్తు రుసుమునకు మిగులును.

ఈ పొదుపు అభ్యర్థి ఒక్కనిదే కాదు. వేసవిలో కాయ కొట్టించి, ఆవపిండి, కారము కలిపి, మూడవనాడు తిరుగగలిపి నూనె పోసిన తల్లిది కూడ. ఆమె జాడీ నింపునది ఏడాదికి సరిపడ. నియామక ప్రకటన మాత్రము ఏడాది లెక్కను ఎరుగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో 6,100 కొలువులకు వెలువడిన డీఎస్సీ ప్రకటన, పరీక్ష జరుగకయే రద్దయినది. పిదప 16,347 కొలువులకు పరీక్షలు మొదలగుసరికి 2025 జూన్ వచ్చినది. ఈ నడుమ ఎన్ని జాడీలు అడుగంటినవో ఏ శాఖ లెక్కించినది?

పండుగకు ఇల్లు చేరిన నిరుద్యోగి మారు అన్నము అడుగుటకు సంకోచించును. అడుగకయే వడ్డించు చేయి ఉండుటవలన ఆ సంకోచము బయటపడదు. ఇంటిలోనే ఉండి చదువుకొను ఆడపిల్ల స్థితి మరియొక తీరు. అన్నకు చదువు మధ్య భోజనము అందును. ఆమెకు వంట ముగిసిన పిదపగాని పుస్తకము అందదు. దీనిని సరిదిద్దుటకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. అన్న లేచి బియ్యము కడిగిన చాలును.

ప్రభుత్వము చేయవలసినది వేరుగా ఉన్నది. ఏటేట ఖాళీలను లెక్కించి, పరీక్ష తేదీని ముందుగా చెప్పి, ఆ మాటమీద నిలువవలెను. బడులు తెరచు దినము ముందే నిశ్చయమగుచున్నప్పుడు, ఆ బడులకు ఉపాధ్యాయుని ఎన్నుకొను దినము ఏల నిశ్చయము కారాదు?