రెండోసారి నొక్కమనే ముందు

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు అనుకుందాం. ఉట్నూరులోనో జైనూరులోనో ఒక ఇంటర్నెట్ సెంటర్. ఇంటర్ చదువుతున్న ఆదివాసీ అమ్మాయి వివరాలన్నీ నింపి, తండ్రి డెబిట్ కార్డు నంబరు కొట్టింది. ఓటీపీ తండ్రి ఫోనుకు పోయింది. ఆయన ఊళ్లో ఉన్నాడు, సిగ్నల్ ఒక పట్టాన అందదు. ఎట్లాగో ఫోను కలిపి అంకెలు చెప్పించుకుని కొట్టేసరికి, తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. ‘చెల్లింపు విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి’ అని వచ్చింది. అక్కడ తండ్రి ఫోనులో మాత్రం ఐదు వందలు కట్ అయినట్టు మెసేజ్. ఆ పిల్ల ఇప్పుడు మళ్లీ కట్టాలా, ఆగాలా?

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మీసేవ బల్ల ముందు ఒక్కసారైనా కూర్చున్నవారికి ఈ సంకటం కొత్త కాదు. ‘సర్వర్ డౌన్’ అనే రెండు మాటలతో దాన్ని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి ఆ తెర మీద ఏం కనిపించాలో, ఆ డబ్బు ఏ దారిన వెళ్లాలో, ఆగితే ఏం చేయాలో ఎవరో ఒకరు ముందే కూర్చుని రాసిపెట్టారు. వాటినే రూటింగ్ (దారి ఎంచే) నియమాలు, రీట్రై (మళ్లీ ప్రయత్నించే) నియమాలు అంటారు. అవి సాంకేతిక నిపుణుల సొంత వ్యవహారంగా చలామణి అవుతున్నాయి. ఫీజు కట్టే పేదవాడి జేబును నేరుగా తాకే విషయం కనుక వాటి గురించి బయట మాట్లాడుకోవాలి.

కార్డుతో కట్టిన సొమ్ము వెబ్‌సైటు నుంచి నేరుగా బ్యాంకుకు పోదు. మధ్యలో పేమెంట్ అగ్రిగేటర్ ఉంటాడు. అతని వెనక వ్యాపారి తరఫు బ్యాంకు, దాని వెనక వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్, చివర కార్డు ఇచ్చిన బ్యాంకు. ‘అవును’ అన్నా ‘కాదు’ అన్నా ఆ జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. పెద్ద సంస్థలు ఇద్దరు ముగ్గురు అగ్రిగేటర్లను పెట్టుకుంటాయి. కార్డు మొదటి అంకెలు చూస్తే అది ఏ బ్యాంకుదో, ఏ నెట్‌వర్క్‌దో తెలిసిపోతుంది. దాన్నిబట్టి ఏ దారిన పంపితే పని అవుతుందో, ఎక్కడ ఖర్చు తక్కువో లెక్క వేసి పంపడమే రూటింగ్. నిర్మల్ కొయ్య బొమ్మలో, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ సామానో ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారికి ఈ వెసులుబాటు దాదాపు ఉండదు. అతనికి ఉన్నది ఒక్క అగ్రిగేటరే, అతను ఏ నియమం పెడితే అదే నియమం.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు జగిత్యాల మీదుగా నిర్మల్ వైపు ఒక దారి, మంచిర్యాల మీదుగా ఆసిఫాబాద్ వైపు మరో దారి ఉన్నాయి. వానాకాలంలో ఒకచోట వాగు పొంగితే డ్రైవర్ రెండో దారి పడతాడు. గేట్‌వే, అంటే అగ్రిగేటర్ ఇచ్చే చెల్లింపు దారి, మార్చడం కూడా అటువంటిదే. కానీ ఆదిలాబాద్‌లోనే బంద్ ఉంటే ఏ దారిన పోయినా ఫలితం ఒక్కటే. కార్డులకు అంతర్జాతీయంగా వాడే సంకేతాల్లో 91 అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు స్విచ్ (లావాదేవీలను అందుకుని జవాబిచ్చే వ్యవస్థ) అందుబాటులో లేదని అర్థం. అప్పుడు గేట్‌వే మార్చినా లాభం లేదు, కాసేపు ఆగడమే మందు. 51 అంటే ఖాతాలో సొమ్ము చాలలేదు. 54 అంటే కార్డు గడువు తీరింది. 43 అంటే ఆ కార్డు దొంగిలించినదని నమోదై ఉంది, దాన్ని మళ్లీ పంపడమే తప్పు. ఇంత వివరం లోపల ఉండగా, కట్టేవాడికి మాత్రం అన్నింటికీ కలిపి ‘విఫలమైంది’ అన్న ఒకే మాట చూపిస్తున్నారు. సొమ్ము చాలలేదని చెబితే వంద రూపాయలు వేయించుకుని వస్తాడు. బ్యాంకు ఆగిందని చెబితే చాయ్ తాగి వస్తాడు. ఏమీ చెప్పకపోతే మళ్లీ మళ్లీ నొక్కుతాడు.

అసలు ప్రమాదం ఈ సంకేతాలలో లేదు, సంకేతమే రానప్పుడు ఉంది. బ్యాంకు ‘కాదు’ అనడం వేరు, బ్యాంకు ఏమన్నదో మనకు చేరకపోవడం వేరు. మొదటిది నిరాకరణ. రెండోదానికి ‘తెలియదు’ అన్న ఒక్కటే నిజాయితీ గల పేరు. ఖాతా నుంచి డబ్బు తీసుకున్నాక, ‘అవును’ అన్న జవాబు తిరుగు దారిలో ఎక్కడో జారిపోయి ఉండవచ్చు. ఆ పరిస్థితిని ‘విఫలం’ అని రాసి, పక్కనే ‘మళ్లీ కట్టండి’ అన్న బొత్తాం పెట్టడం అసత్యం చెప్పి డబ్బు అడగడమే. నేను ఇంత గట్టిగా అనడానికి కారణముంది. ఓటీపీ పేజీ తెరుచుకోకముందే ఒక గేట్‌వే పలకకపోతే, నిశ్శబ్దంగా రెండో గేట్‌వేకు మార్చినా ఎవరికీ నష్టం లేదు. ఓటీపీ కొట్టిన తర్వాత మాత్రం మొదటి చెల్లింపు గతి తేలకుండా రెండోది మొదలు పెట్టనివ్వకూడదు. ఈ గీతను ఎక్కడ గీశారన్నదాన్నిబట్టి ఒక పోర్టల్ మంచిదో కాదో చెప్పవచ్చు.

గతి తేల్చుకోవడానికీ ఒక పద్ధతి ఉండాలి. యూపీఐ మనకు ఆ పాఠం 2025లో నేర్పింది. ఆ ఏడాది మార్చి 26న, ఏప్రిల్ 2న, ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ చెల్లింపులు తడబడ్డాయి. ఏప్రిల్ 12 అంతరాయానికి కారణం వెతికితే, ‘నా లావాదేవీ ఏమైంది’ అని కొన్ని బ్యాంకుల వైపు నుంచి పదేపదే వచ్చిపడిన విచారణలు తేలాయి. అంటే అడగడమే వ్యవస్థ మీద బరువైపోయింది. ఆ తర్వాత జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఈ విచారణలకు హద్దు పెట్టింది: ఒక లావాదేవీ గురించి తగిన వ్యవధి ఇచ్చి, రెండు గంటల్లో మూడు సార్లకు మించి అడగకూడదు. 2025 ఆగస్టు నుంచి యూపీఐ ఆటోపే కోతలకు (ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకు) కూడా ఒక ప్రయత్నం, మహా అయితే మరో మూడు, అవీ రద్దీ లేని వేళల్లోనే. కార్డులదీ ఇదే నీతి. ఆఖరి రోజు సాయంత్రం వేలమంది ఒకేసారి నొక్కుతుంటే, ప్రతి పోర్టలూ క్షణక్షణం తిరిగి ప్రయత్నిస్తే కుంటుతున్న స్విచ్ పూర్తిగా కూలబడుతుంది. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య వ్యవధి పెంచుకుంటూ పోవాలి.

దారులు చూపే విద్య మన గడ్డకు కొత్తదేమీ కాదు. ఏ బ్యాంకు కార్డు అయినా ఏ ఏటీఎంలోనైనా పనిచేసేలా చేసిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004 ఆగస్టులో హైదరాబాద్‌లోని, రిజర్వు బ్యాంకు నెలకొల్పిన పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ చేతుల మీదుగా మొదలైంది. 2009 చివర ఎన్‌పీసీఐకి బదిలీ అయ్యేదాకా అక్కడినుంచే నడిచింది. ఆ నగరానికి కొన్ని గంటల దూరంలో ఉన్న ఊళ్లలో పిల్లలు ఫీజు కట్టడానికి భయపడాల్సి రావడం బాధ కలిగిస్తుంది.

ఉత్తర తెలంగాణకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. మొదటిది బ్యాంకుల పేర్లు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. కరీంనగర్‌లో పుట్టిన శ్రీ శాతవాహన గ్రామీణ బ్యాంకు, ఆదిలాబాద్‌లో పుట్టిన శ్రీ సరస్వతి గ్రామీణ బ్యాంకు 2006లో దక్కన్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. రాష్ట్రం వచ్చాక అదే తెలంగాణ గ్రామీణ బ్యాంకు. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 493 అందులో చేరాయి. ఆ మార్పు కోసం 2024 డిసెంబరు ఆఖరు రోజుల్లో సేవలు ఆపాల్సి వచ్చింది. ప్రతి విలీనం వెనకా కార్డు మొదటి అంకెలకూ బ్యాంకు పేరుకూ ఉన్న పట్టిక మారుతుంది. ఆ పట్టిక పాతదైతే రూటింగ్ నియమం లేని ఊరికి బస్సు వేసినట్టే. పెద్ద నగరాల ప్రైవేటు బ్యాంకుల కార్డుల మీద పరీక్షించి వదిలిన నియమాలు గ్రామీణ బ్యాంకు కార్డు దగ్గర తడబడితే అది ఎవరి దృష్టికీ రాదు. ఎందుకంటే సగటు లెక్కలో ఆ కార్డులు పిడికెడే.

రెండోది ఓటీపీ. ఇంటర్నెట్‌లో కార్డు వాడితే అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి పెట్టిన నిబంధన ఎన్నో మోసాలను ఆపింది, దాన్ని తప్పు పట్టలేం. కానీ జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో కార్డు ఇక్కడ ఉంటే, దానికి జతచేసిన ఫోను దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటుంది. తిర్యాణి, కెరమెరి అడవి గూడేల్లో ఫోనుకు సిగ్నల్ రావాలంటే గుట్టెక్కాలి. ఓటీపీ పేజీకి ఇచ్చే కొద్ది నిమిషాలు వీళ్లకు చాలవు. గడువు దాటితే అది ‘వినియోగదారుడు వదిలేసిన చెల్లింపు’గా నమోదవుతుంది. వాళ్లు వదిలేయలేదు, అందుకోలేకపోయారు. ఎస్సెమ్మెస్ ఓటీపీకి తోడు వేరే ధ్రువీకరణ పద్ధతులకూ దారి తెరుస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టింది. ఆ అవకాశాన్ని ముందుగా వాడుకోవాల్సింది ఇటువంటి ప్రాంతాల కోసమే.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. మన దగ్గర చాలామంది సొంత కార్డుతో కట్టరు. సెంటర్ అతనికి నగదు ఇస్తారు, అతను తన కార్డుతో కడతాడు. రెండుసార్లు కట్ అయితే తిరిగి వచ్చే డబ్బు, నిబంధన ప్రకారం, ఏ కార్డు నుంచి పోయిందో ఆ కార్డుకే వస్తుంది. వారం తర్వాత సెంటర్ అతని ఖాతాలో పడిన ఐదు వందలు ఏ పిల్లవో అతనికే గుర్తుండకపోవచ్చు. అతను నిజాయితీపరుడైనా సరే, ముప్పై కిలోమీటర్లు మళ్లీ ఆటో ఎక్కి రావాల్సింది ఆ కుటుంబమే.

చట్టం ఏమంటుంది? 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం మంచి రక్షణే ఇచ్చింది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులో ఖాతా నుంచి సొమ్ము పోయి, వ్యాపారికి నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ తర్వాత ఐదు రోజుల్లో దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల పరిహారం, అదీ ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఇవ్వాలి. అయితే ఇందులో రెండు సందులున్నాయి. విద్యార్థి రెండుసార్లు కట్టి, రెండూ విజయవంతమైతే అది ‘విఫల లావాదేవీ’ కిందికి రాదు. ఆ రెండో సొమ్ము తిరిగి ఇవ్వడం వసూలు చేసిన సంస్థ నియమాల మీద ఆధారపడి ఉంటుంది. ఇక ఐదు రోజుల్లో డబ్బు వస్తుంది సరే, గడువు తిరిగి వస్తుందా? తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్‌లో ఒక్కో విభాగానికి ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 500, ఇతరులకు 900 రూపాయల రుసుము. గడువు దాటితే ఆలస్య రుసుము మెట్లు మెట్లుగా వేల రూపాయలకు చేరుతుంది. జవాబు దారిలో జారిపోయినందుకు ఆ వేలు పిల్లలు కట్టాలా?

ఈఏపీసెట్ దరఖాస్తు పోర్టల్‌లో చెల్లింపు స్థితి తెలుసుకునే లింకు విడిగా ఉంది. అది మంచి ఏర్పాటు. అయితే వెతుక్కుని వెళ్లే లింకుగా కాకుండా, రెండోసారి కట్టే ముందు తప్పక దాటాల్సిన గేటుగా ఉండాలి. ఒక దరఖాస్తుకు ఒకే ఆర్డర్ నంబరు ఉండాలి. ఎన్నిసార్లు ప్రయత్నించినా అన్నీ దాని కిందికే రావాలి. ఒకటి నిలిచాక మిగిలినవి అడగకుండానే వెనక్కి పోవాలి. వీటిలో కొత్త యంత్రం కొనాల్సిందేదీ లేదు, ఉన్న నియమాలను మార్చి రాసుకుంటే చాలు. ప్రవేశ పరీక్షల కన్వీనర్లు, విశ్వవిద్యాలయాలు, నియామక సంస్థలు అగ్రిగేటర్లతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఎంత కమీషన్ అని అడిగినట్టే రీట్రై నియమాలేమిటని కూడా అడిగి, ఒప్పందంలో రాయించుకోవాలి.

పాఠకులకు ఒక మాట. డబ్బు కట్ అయి నిర్ధారణ రాకపోతే వెంటనే మళ్లీ కట్టకండి. ఆర్డర్ నంబరు, బ్యాంకు మెసేజ్, తెర ఫొటో భద్రపరచండి. సెంటర్‌లో కట్టించుకుంటే ఏ కార్డుతో కట్టారో రాయించుకోండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు టోల్‌ఫ్రీ నంబరు 14448.

ఫీజులు వసూలు చేసే ప్రభుత్వ సంస్థలకు ఒక విజ్ఞప్తి. గడువులోపల మొదలై, ఆ తర్వాత విజయవంతమైనట్టు తేలిన ప్రతి చెల్లింపునూ గడువులోపలి చెల్లింపుగానే లెక్కించండి. వచ్చే దరఖాస్తుల నోటిఫికేషన్‌లోనే ఆ ఒక్క వాక్యం చేర్చండి.