బండి కొత్తది, గోడ పాతది

ఈ విద్యా సంవత్సరంలో ఒకనాటి మధ్యాహ్నం మన కళాశాల తరగతి గదిలో, వెనుక బెంచీ క్రింద, ఒక స్కూటరు బ్యాటరీ ఛార్జింగులో ఉండగా పట్టుబడింది. “పట్టుబడింది” అన్న మాట మాది కాదు. ఆనాడు అధ్యాపకుల గదిలో అందరి నోటా వినిపించిన మాట. ఆ బ్యాటరీ పెద్దమందడి నుండి రోజూ వచ్చిపోయే డిగ్రీ విద్యార్థిది. కళాశాల కరెంటును దొంగిలించాడని కొందరు, గది తగలబడితే ఎవరు బాధ్యులని మరికొందరు అన్నారు. విద్యుత్ వాహనాలను ఆవరణలోనికే రానీయరాదన్న ప్రతిపాదన ఇప్పుడు కార్యవర్గం ముందున్నది. ఆ ప్రతిపాదన సరికాదని మా అభిప్రాయం. కారణాలను విద్యార్థుల ముందూ, కార్యవర్గ పెద్దల ముందూ ఉంచుతున్నాము.

భయపడినవారిది వట్టి భయమని మేము అనము. 2022 ఏప్రిల్ నెలలోనే నిజామాబాదు జిల్లాలో ఒక వృద్ధుడు, విజయవాడలో ఒక వ్యక్తి ఇంటిలో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి మరణించారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో పుట్టిన అగ్ని పైనున్న లాడ్జికి ఎగబ్రాకి ఎనిమిది మందిని బలిగొన్నది. అటుపిమ్మట కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల పరీక్షా నియమాలను 2022 డిసెంబరులో ఒకసారి, 2023 మార్చి చివర మరొకసారి కఠినం చేసింది. కనుక బ్యాటరీని గదిలో, నలుగురు కూర్చునే బెంచీ క్రింద ఉంచి ఛార్జి చేయుట తప్పే. ఆ మాట ఆ విద్యార్థితో మేమే చెప్పాము. అయితే ఇంట్లో ప్లగ్గు ఉండగా ఆ బరువును మోసుకొని కళాశాలకు ఎందుకు తెచ్చాడు? ఈ ప్రశ్న ఆనాడు ఎవరూ అడగలేదు.

మేము తెలుగు బోధించేవారము. మాకు తెలిసిన సంధులు వ్యాకరణంలోనివే గాని తీగలకు సంబంధించినవి కావు. అందుచేత భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి కొంత నేర్చుకున్నాము. మన ఇండ్లలోని ప్లగ్గులు రెండు రకాలు. చిన్నది 6 ఆంపియర్లది. పెద్దది, జనం పవర్ ప్లగ్ అని పిలిచేది, 16 ఆంపియర్లది. ఆంగ్లేయుల కాలంలో ఇవే 5, 15 ఆంపియర్లు. ఇంగ్లండు 1947లో ప్లగ్గులోనే ఫ్యూజు గల కొత్త పద్ధతికి మారిపోగా, మనము ఆ పాత గుండ్రని పిన్నులనే నిలుపుకున్నాము. 230 వోల్టుల వద్ద చిన్న ప్లగ్గు 1,380 వాట్లు, పెద్దది 3,680 వాట్లు మోయగలవు. 750 వాట్ల స్కూటరు ఛార్జరు తీసుకునేది మూడు ఆంపియర్లకు కొంచెము ఎక్కువ. కాబట్టి ఒక స్కూటరుకు చిన్న ప్లగ్గు చాలును. నాలుగు స్కూటర్లను ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించినచో పదమూడు ఆంపియర్లు దాటుతుంది. కారుతో వచ్చే 3,300 వాట్ల ఛార్జరుకైతే పద్నాలుగు. బజారులో దొరికే అడాప్టరుతో దానిని చిన్న ప్లగ్గుకు తగిలించేవారు ఉన్నారు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానుసారం పెరుగుతుంది గనుక, ఆరుకు బదులు పద్నాలుగు ప్రవహిస్తే వేడి అయిదు రెట్లకు మించుతుంది.

ఇస్త్రీపెట్టె ఇంతకంటె ఎక్కువ కరెంటు తీసుకుంటుంది గదా అని ఒక మిత్రుడు మాతో వాదించాడు. నిజమే, కాని అది పది నిమిషాల ముచ్చట. బండి ఛార్జరు నాలుగైదు గంటలు, కారుదైతే రాత్రంతా, ఎడతెగకుండా లాగుతుంది. వదులైన స్క్రూ, అరిగిన పిన్ను పది నిమిషాలలో బయటపడవు. అర్ధరాత్రి ఒంటిగంటకు బయటపడతాయి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు ఇంటి మామూలు ప్లగ్గు నుండి కారును ఛార్జి చేసేటప్పుడు 15 ఆంపియర్ల సర్క్యూటు నుండి 12 మాత్రమే తీసుకుంటారు. మూడు గంటలకు మించి నడిచే భారం సర్క్యూటు శక్తిలో ఎనభై శాతం దాటరాదని అక్కడి నియమం.

పెద్దమందడి మా స్వస్థలం కూడా. ఒక ఆదివారం ఆ విద్యార్థి ఇంటికి వెళ్ళాము. ఇల్లు తాతగారి కాలంనాటిది; ఆనాడు రెండు బల్బులకు, ఒక ఫ్యానుకు లాగిన వైరింగే నేటికీ ఉన్నది. ప్లగ్గుకు మూడు రంధ్రాలున్నాయి గాని, ఎర్త్ తీగ రావలసిన పై రంధ్రం వెనుక ఏమీ లేదు. కొత్త స్కూటరు తెచ్చి తగిలించిన రోజున ఛార్జరు ఎర్రదీపం చూపి పనిచేయ నిరాకరించింది. ఎర్త్ లేనిచోట కొన్ని ఛార్జర్లు అట్లే ఆగిపోతాయి. వచ్చిన మేస్త్రీ ప్లగ్గు విప్పి, న్యూట్రల్ నుండి ఎర్త్ రంధ్రానికి జానెడు తీగ ముక్క కలిపాడు. పచ్చదీపం వెలిగింది. నూట యాభై రూపాయలు తీసుకొని వెళ్ళిపోయాడు.

తరువాత వేసవి గాలివానకు స్తంభం నుండి ఇంటికి వచ్చే తీగ తెగింది. తిరిగి కలిపినప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. బల్బులు మామూలుగానే వెలిగాయి. వాటికి ఏ తీగ ఏదైనా ఒకటే. కాని ఆ జానెడు ముక్క ఇప్పుడు ఛార్జరు ఇనుప పెట్టె మీదికే ఫేజును తెచ్చింది. కుర్రవాడికి కాళ్ళకు చెప్పులున్నందున విదిలించి పారవేసిందే తప్ప ప్రాణం తీయలేదు. నాటినుండి ఆ తల్లి ఆ ప్లగ్గును తాకనీయడం లేదు. యంత్రం నిజం చెప్పింది. మనము దానిచేత అబద్ధం ఆడించాము.

ఆమె మరొక సంగతి కూడా చెప్పింది. “రెండు నూర్లు దాటితె మొత్తం బిల్లు కట్టాలె సార్, మాతోని ఎట్లయితది?” అన్నది. 2024 మార్చి నుండి అమలైన గృహజ్యోతి పథకం క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు సున్న. ఆ ఇంటి వాడకం మండువేసవిలో నూట తొంభై దాకా పోతుంది. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే స్కూటరు నెలకు సుమారు ముప్పై యూనిట్లు త్రాగుతుంది. మొత్తం 220. అప్పుడు 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల వంతున 1,020, మిగిలిన ఇరవైకి 7 రూపాయల 70 పైసల వంతున 154, వెరసి 1,174 రూపాయలు. స్థిర ఛార్జీలు వేరు. అదే దూరానికి పెట్రోలు ఖర్చు రెండు వేలకు తక్కువ కాదని మేము లెక్క వేసి చూపబోయాము. సున్న బిల్లు చూసిన కంటికి మా లెక్క ఆనలేదు. ఆమెను తప్పు పట్టలేము.

ఇదీ ఆ “దొంగతనం” వెనుకనున్న కథ. మన భవనంలో ఎర్త్ ఉన్నది. ఛార్జరు ఇక్కడ నిజాయితీగా పచ్చదీపం చూపుతుంది. వనపర్తిలో అద్దె గదులలో ఉండే మన పిల్లలకైతే ఇంటి యజమాని ప్లగ్గే ముట్టనీయడు. కృష్ణ మీద జూరాల వద్ద ఎగువ, దిగువ కేంద్రాలు రెండూ కలిసి 474 మెగావాట్ల సామర్థ్యంతో ఉన్న ప్రాంతం మనది. విద్యుత్ వాహనాలకు 2026 చివరి వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. బండి కొనడానికి ఇంత ప్రోత్సాహం ఇచ్చినవారు, మీటరుకూ ప్లగ్గుకూ నడుమనున్న పది గజాల తీగను గురించి ఎవరినీ అడగలేదు.

ఆవరణలో నిషేధించినంత మాత్రాన ఆ పిల్లలు బండ్లు అమ్ముకోరు. కొనడానికి చేసిన అప్పు తీరలేదు. మళ్ళీ ఆ జానెడు తీగ ముక్కను ఆశ్రయిస్తారు. దానికి బదులు సైకిళ్ళ షెడ్డులో, తరగతి గదులకు దూరంగా, ఆరు పెద్ద ప్లగ్గులు పెట్టించవచ్చును. ఒక్కొక్కదానికి వేరు ఎం.సి.బి., అన్నింటికి కలిపి 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా ఆపివేసే ఆర్.సి.సి.బి. ఒకటి ఉండాలి. ఒక ఉప మీటరు పెట్టి, వాడినవారి వద్ద యూనిట్టుకు అయిన ఖర్చు వసూలు చేస్తే దొంగతనమన్న మాటకు తావుండదు. అధ్యాపకుల బండ్లకూ ఇదే నియమం వర్తించాలి; మా సహోద్యోగులు మన్నింతురు గాక.

షెడ్డు వద్ద కొత్త ఎర్త్ గుంట త్రవ్వించి, గొట్టం దింపి, బొగ్గు, ఉప్పు నింపించాలి. మన ఎండలకు ఆ నేల మార్చి నాటికే ఎండిపోతుంది గనుక, ఏప్రిల్, మే నెలలలో దానికి నీరు పోసే పని ఎవరిదో కూడా తీర్మానంలోనే వ్రాయాలని మా మనవి.