శిక్షణ, రుణం, తోడ్పాటు: గ్రామీణ స్వయం ఉపాధికి మూడు మెట్లు

(ప్రత్యేక వ్యాసం)

వ్యవసాయ పనులు లేని నెలలే గ్రామీణ పేద కుటుంబానికి అసలు పరీక్ష. పనులు లేనప్పుడు చేసిన అప్పు, పనులు దొరికినప్పుడు వచ్చే కూలిని మింగివేస్తుంది. ఈ వలయం నుంచి బయటపడేందుకు ఏడాది పొడవునా ఆదాయమిచ్చే మరో జీవనోపాధి అవసరం. గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ ఇందుకు దోహదపడుతుంది.

ఉజిరె చూపిన బాట

కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల ధర్మాధికారి డాక్టర్ డి.వీరేంద్ర హెగ్గడే చొరవతో, సిండికేట్, కెనరా బ్యాంకుల భాగస్వామ్యంతో రుడ్‌సెట్ సంస్థ ఆవిర్భవించింది. నిరుద్యోగ యువతకు భోజన వసతులతో ఉచితంగా స్వల్పకాలిక శిక్షణ ఇవ్వడం దాని విధానం. ఈ నమూనాను అనుసరించి జిల్లాకొకటి చొప్పున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల (ఆర్‌సెటీ) ఏర్పాటుకు కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2009లో శ్రీకారం చుట్టింది. వీటి నిర్వహణ బాధ్యతను బ్యాంకులకు అప్పగించారు. స్థలాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు సమకూర్చగా, భవన నిర్మాణానికి కేంద్రం నాడు ఒక్కో సంస్థకు రూ.1 కోటి వరకు గ్రాంటు నిర్ణయించింది.

పనితో పాటు లెక్క

కుట్టుపని, పాడి పరిశ్రమ, సెల్‌ఫోన్ మరమ్మతు వంటి వృత్తులను ఈ సంస్థల్లో నేర్పుతారు. అయితే వృత్తి నైపుణ్యం ఒక్కటే సరిపోదు. కుట్టు తెలిసిన మహిళ సైతం దారం, కరెంటు ఖర్చులను, తన శ్రమ విలువను ధరలో కలపకపోతే నష్టపోతుంది. ఇంటి ఖర్చు, దుకాణం సొమ్ము ఒకే డబ్బాలో ఉంటే, ఒక్క జబ్బుతో పెట్టుబడి కరిగిపోతుంది. అందుకే ధర నిర్ణయం, పద్దుల నిర్వహణ, మార్కెట్ పరిశీలన శిక్షణలో భాగమయ్యాయి.

రుణమే కీలకం

శిక్షణ ముగిసి రుణం అందకపోతే ధ్రువపత్రం పెట్టెకే పరిమితమవుతుంది. శిక్షణ బాధ్యతను బ్యాంకులకు అప్పగించడంలోని ఆంతర్యం ఇదే. శిక్షణానంతరం రెండేళ్లపాటు అభ్యర్థికి మార్గదర్శనం చేయాలన్న నిబంధన కూడా ఇందుకు తోడైంది. 2015లో ప్రారంభమైన ముద్ర పథకం హామీ లేని చిన్న రుణాలకు మరో మార్గం చూపింది.

తెలుగు రాష్ట్రాల అనుకూలత

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా తీర్చిదిద్దింది. ఎవరికి ఏ పని అనువైనదో ఊరి సంఘానికే బాగా తెలుస్తుంది. ఒకే ఊరిలో పది మందికి ఒకే వృత్తి నేర్పితే ఉన్న గిరాకీనే పది మందీ పంచుకోవలసి వస్తుంది. కనుక అభ్యర్థుల, వృత్తుల ఎంపికలో సంఘాల సలహా తీసుకోవడం శ్రేయస్కరం.

శిక్షణ పొందినవారి సంఖ్య తొలి లెక్క మాత్రమే. వారిలో ఎందరికి రుణం అందింది, రెండేళ్ల తర్వాత ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయి, కుటుంబం వడ్డీ వ్యాపారి గడప తొక్కడం మానిందా అన్నవే జిల్లా సమీక్షలలో అసలైన కొలమానాలు కావాలి.