వాడు వెండారేలే!

మన ఆఫీసుల్లో ఈ మాట రోజూ వింటాం. టీమ్ లంచ్‌కి తలలు లెక్కపెట్టేటప్పుడు "వాడు వెండారేలే, వద్దు". రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సపోర్టుకి ఎవర్ని కూర్చోబెట్టాలంటే "వాడు వెండారేగా, ఉంటాడు". కులాల గురించి గంటలకొద్దీ వాదించే మనమే, మెడలో ట్యాగు రంగు చూసి మర్యాద కొలవడాన్ని మాత్రం 'ప్రాసెస్' అంటాం!

సికింద్రాబాదు వాళ్ళకి ఈ తేడా కొత్తేం కాదు. మెట్టుగూడ, చిలకలగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి పర్మనెంటంటే ఏమిటో, క్యాజువలంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. రైల్వే ఏమీ ధర్మసత్రం కాదు లెండి, ఏళ్ళ తరబడి క్యాజువల్ లేబర్‌తోనే పనులు లాగించింది. కానీ అక్కడో లెక్కుండేది. ఓపెన్ లైన్లో 120 రోజులు విడవకుండా పనిచేస్తే టెంపరరీ స్టేటస్. ప్రాజెక్టుల్లో వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసుతో సాధించుకున్నారు. రోజులు నిండితే హక్కు వచ్చేది.

మన ఫీల్డులో రోజులు నిండితే గెంటేస్తారు. మైక్రోసాఫ్ట్‌లో నీలం బ్యాడ్జీల పక్కన కూర్చుని ఏళ్ళకేళ్ళు అదే పని చేసిన నారింజ బ్యాడ్జీల వాళ్ళు కోర్టుకెక్కితే, 2000లో 9.7 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అదే ఏడాది కంపెనీ కొత్త రూలు పెట్టింది: ఏడాది పనిచేసిన టెంపరరీ వాళ్ళు 100 రోజులు బయటుండాలి!

మిగతా కంపెనీల లాయర్లు కూడా ఆ కేసు నుంచి పాఠం నేర్చుకున్నారు. వెండార్ని ఉద్యోగిలా చూస్తే, రేపు కోర్టు కూడా వాణ్ణి ఉద్యోగే అనొచ్చు. కాబట్టి లంచ్ వద్దు, టీషర్టు వద్దు, ఆల్ హ్యాండ్స్‌కి పిలుపు వద్దు. అంటే ఈ చిన్నచూపు ఎవరో మేనేజరు దురుసుతనం కాదండీ, కావాలని పోగేసుకునే సాక్ష్యం. "వాడు వెండారేలే" అన్న ప్రతిసారీ మనం ఆ ఫైల్లోకి ఇంకో కాగితం చేరుస్తున్నాం, అదీ ఉచితంగా.

"అంత బాధగా ఉంటే ఇంటర్వ్యూ పాసై పర్మనెంటు అవ్వొచ్చుగా?" అంటారు కొందరు. 2019 మార్చి నాటికి గూగుల్‌లో సొంత ఉద్యోగులు 1,02,000 మంది, టెంపరరీ, కాంట్రాక్టు వాళ్ళు 1,21,000 మంది అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. సగానికి పైగా జనం ఇంటర్వ్యూ సరిగ్గా చెయ్యనివాళ్ళేనా?

నేను పనిచేసిన ఒకచోట (పేరెందుకు లెండి) ఏడాదిన్నర పాటు మాడ్యూలంతా రాసిన కుర్రాడి పేరు రిలీజ్ మెయిల్లోంచి తీసేయించారు. అడిగితే "లీగల్ వద్దంది" అన్నారు.

ఇప్పుడు మా టీమ్ రిలీజ్ మెయిల్ రాసేది నేనే. ఈసారి ముగ్గురు వెండార్ల పేర్లూ అందులో ఉంటాయి. లీగల్ వాళ్ళు పిలిస్తే అప్పుడు మాట్లాడతా.