ఇంటి మనుషుల ఇంగ్లిష్

ఇంగ్లిష్ బడిలో పిల్లలు తొలిగా రాసే వ్యాసం ‘మై ఫ్యామిలీ’. పెద్దయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ ఇంటి సంగతే అడుగుతారు. ఇంత అక్కరకొచ్చే పాఠాన్ని చాలాచోట్ల బట్టీ పట్టించి వదిలేస్తున్నాం. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే మనిషి బిడ్డ కూడా గైడులో ఉన్న ‘మై ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్’నే అప్పజెప్తుంది. తన నాయన గురించి చెప్పమంటే నోరు పెగలదు.

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. వ్యాకరణం కూడా ఇట్లా పక్కపక్కన పెట్టి చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం.

‘వి ఆర్ ఫోర్ మెంబర్స్ ఇన్ అవర్ ఫ్యామిలీ’ అని రాసిన పిల్లాడి నోట్సు మీద ఎర్రగీత పడుతుంది. ఎందుకు పడిందో ఎవరూ చెప్పరు. వాడి మనసులో ఉన్నది ‘మా ఇంట్ల నలుగురం’. నాలుగు, మనుషులు, అందులో నేనూ ఉన్నాను, ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లిష్ ‘ఫోర్’కు ఆ శక్తి లేదు కాబట్టి వాడు ‘మెంబర్స్’ తెచ్చి అతికించాడు. ‘దేర్ ఆర్ ఫోర్ ఆఫ్ అస్’ అని చూపిస్తే ఆ ‘అస్’లోనే తన ‘నలుగురం’ కనిపిస్తుంది. తాండూరు పక్కనే కర్ణాటక. కన్నడం మాట్లాడే ఇంటి పిల్లలకూ మనుషుల్ని లెక్కపెట్టే తీరు మనలాంటిదే కనుక ఈ వివరణ వాళ్లకూ సరిపోతుంది. ఉర్దూ, లంబాడీ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు వాళ్ల మాటల్లోంచే చెప్పుకోవాలి.

‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ కూడా అంతే. అన్నలు ఉండటం మనం చేసే పని కాదు, అన్నం తినడం పని. అందుకే ‘హావింగ్ లంచ్’ చెల్లుతుంది, ‘హావింగ్ బ్రదర్స్’ చెల్లదు. నాయన కొలువు గురించి అడిగితే ‘పనిచేస్తడు’కు ‘వర్క్స్’, ఈ గడియలో చేస్తుంటే ‘ఈజ్ వర్కింగ్’. తాతను ‘వచ్చిండ్రు’ అని గౌరవించే పిల్ల ఇంగ్లిష్‌లో ‘మై గ్రాండ్‌ఫాదర్ ఆర్’ అని రాస్తే, దిద్దండి గాని తిట్టకండి. ఆ బహువచనం మర్యాద కోసం పెట్టింది.

తెలుగు తప్పుదారి పట్టిస్తుందని మాత్రం అనుకోవద్దు. ‘వన్ ఆఫ్ మై బ్రదర్’ అనేవాళ్లకు మందు తెలుగులోనే ఉంది. ‘మా అన్నలల్ల ఒకడు’ అంటాం గాని ‘మా అన్నలో ఒకడు’ అనం కదా! బహువచనం మన దగ్గరా తప్పదు, అక్కడా తప్పదు.

చుట్టరికాల సంగతి వేరు. చిన్నాయన కొడుకు అన్నో తమ్ముడో, మేనమామ కొడుకు బావో బామ్మర్దో. ఒకరు తోబుట్టువు లెక్క, ఇంకొకరు వరస కలిసేవాడు. ఇంగ్లిష్‌లో ఇద్దరూ ‘కజినే’. మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లోనే చుట్టరికాల మీద పెద్ద గ్రంథం అచ్చేసి, అందులో తెలుగు వరసలనూ చేర్చాడు. మనవాళ్లు ‘కజిన్ బ్రదర్’ అనడం, తోడల్లుణ్ణి ‘కో-బ్రదర్’ అనడం తెలివితక్కువతనం కాదు, లేని మాటను సృష్టించుకోవడం. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘అన్న’ కూడా చేరింది. అయితే బయటి దేశం మనిషికి ‘కో-బ్రదర్’ అర్థం కాదు. వీసా ఇంటర్వ్యూలో ‘మై వైఫ్స్ సిస్టర్స్ హజ్బెండ్’ అని విడమర్చాల్సిందే. ఆ రెండు ‘స్’లు మింగేస్తే చుట్టరికమే మారిపోతుంది.

వికారాబాద్, తాండూరు టీచర్లకు ఒకటే విన్నపం. ఈసారి ‘మై ఫ్యామిలీ’ రాయించేటప్పుడు గైడు మూయించండి. ముందు ఇంట్లో ఎవరెవరున్నారో తెలుగులో చెప్పించండి. నాయన రాళ్లు కోస్తాడో, కంది చేను చూస్తాడో, అమ్మ కూలికి పోతుందో ఆ మాటే ఇంగ్లిష్‌లోకి రానివ్వండి. తప్పులు వస్తాయి. బోర్డు మీద తెలుగు వాక్యం, కింద ఇంగ్లిష్ వాక్యం రాసి, ఎక్కడ దారి మారిందో పిల్లల చేతే గీత గీయించండి. వచ్చే పరీక్షలో గైడులోని డాక్టరు నాన్నకు కాక, ఆ పిల్ల సొంత వాక్యానికి మార్కులు వేయండి.