వద్దన్నదీ వాళ్ళే, కనమంటున్నదీ వాళ్ళే

ఈ మధ్య నాచారం పారిశ్రామికవాడ పక్కనున్న ఒక బస్తీలో స్త్రీల ఆరోగ్యం మీద సమావేశం పెట్టుకున్నాం. బట్టలు కుట్టే కంపెనీల్లో, మందుల ప్యాకింగులో, హబ్సిగూడ వైపు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు. రక్తహీనత గురించీ, నడుము నొప్పుల గురించీ మాటలు సాగుతుండగా, పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకామె మధ్యలో అందుకుంది. "అక్కా, టీవీల ముగ్గురిని కనమని చెప్తున్నరు. నాకు ఇర్వై రెండేండ్లప్పుడు ఇద్దరు చాలని ఎంబడిబడి ఆపరేషన్ చేయించిన్రు. అప్పటిసంది నడుము లేస్తలేదు. ఇప్పుడు గీ మాటేంది?" అంది. అందరూ నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. అక్కడున్న వాళ్ళలో చాలామందిది అదే కథ.

ఆమె ప్రశ్నే ఈ సంచిక సంపాదకీయానికి విషయం.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు రాష్ట్రంలో వృద్ధుల సంఖ్య పెరిగిపోతోందనీ, దంపతులు ఎక్కువమంది పిల్లల్ని కనాలనీ పిలుపునిచ్చారు. ఇద్దరి కంటే ఎక్కువమంది పిల్లలున్నవారే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని కూడా అన్నారు. మరుసటి నెలలోనే, ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసిన పాత నిబంధనను అసెంబ్లీ రద్దు చేసింది. 2025లో ఆ పార్టీ ఎంపీ ఒకరు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే యాభై వేల రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. 1997లో దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ముందు జనాభా విధానాన్ని ప్రకటించి, జననాల రేటు తగ్గించడమే అభివృద్ధికి దారి అని చెప్పినప్పుడు కూడా ముఖ్యమంత్రి ఆయనే. మాట ఎందుకు మారిందని అడగటం కంటే, రెండు సందర్భాల్లోనూ మారనిదేమిటో చూడటం అవసరం. ఎంతమందిని కనాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, స్త్రీ శరీరం దాన్ని అమలు చేస్తుంది. ఈ సంబంధం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రపంచంలో మొదటగా చేపట్టిన దేశం మనది. అది 1952లో మొదలైంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలో, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళకు చేసినవి. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం కూలిపోవడానికి ఆ బలవంతం కూడా ఒక కారణం. దాంతో మగవాళ్ళ జోలికి వెళితే ఓట్లు పోతాయని అన్ని పార్టీలూ పాఠం నేర్చుకున్నాయి. కార్యక్రమం ఆగలేదు, స్త్రీల మీదికి మళ్ళింది. టార్గెట్లు మిగిలాయి, శిబిరాలు మిగిలాయి, బల్ల మీద పడుకునే మనిషి మాత్రం మారింది.

మన రాష్ట్రంలో ఇది ఎంత దూరం వెళ్ళిందో లెక్కలు చెబుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992-93లో 2.6. 2005-06 నాటికే అది 1.8కి దిగింది. 2019-21 సర్వేలో తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా పెరగకుండా, తరగకుండా నిలకడగా ఉండాలంటే ఈ సంఖ్య 2.1 ఉండాలంటారు. అంటే తెలుగునాట "జనాభా విస్ఫోటనం" అన్న మాటకు ఆధారం పోయి ఇరవై ఏళ్ళయింది. కేరళలో జననాలు తగ్గడం వెనుక ఆడవాళ్ళ చదువు ఉంది. 1991లో మన రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత 33 శాతం కూడా లేదు. చదువు ఇవ్వకుండా, పెళ్ళి వయసు పెంచకుండా ఇంత తగ్గుదల ఎలా సాధ్యమైంది? చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై అయిదు దాటకముందే ఆపరేషన్. ఇదీ మన నమూనా. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి, తెలంగాణలో 60 శాతానికి పైగా ఈ ఆపరేషన్ అయివుంది. దేశం మొత్తం మీద మగవాళ్ళ ఆపరేషన్లు 0.3 శాతం. తక్కువ ఖర్చుతో సాధించిన విజయంగా దీన్ని మెచ్చుకున్న నిపుణులు ఆ ఖర్చు ఎవరు భరించారో లెక్క కట్టలేదు.

ఆ ఖర్చు కొన్నిసార్లు ప్రాణం. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రి శిబిరంలో ఒక్కరోజులో 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. అది ఉప్పల్ నుంచి గంట ప్రయాణం. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు చెబుతూ, 2010-13 మధ్య ఈ ఆపరేషన్ల వల్లా వాటి తర్వాతా 363 మంది చనిపోయిన సంగతి ప్రస్తావించింది. శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో ఆపెయ్యమని ఆదేశించింది. ఆ గడువు 2019లో ముగిసింది. ఇబ్రహీంపట్నం మరణాలు ఆ తర్వాతివి.

ఈ పోరాటం మనకు కొత్తది కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగానికి స్త్రీలను పోగు చేస్తున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతి కూడా వాళ్ళకు తెలియదని బయటపెట్టింది హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన. ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. గర్భనిరోధం కావాలా వద్దా అన్నది అప్పుడు కూడా మన ప్రశ్న కాదు. తెలిసి ఒప్పుకోవడం, ప్రమాదం ఏమిటో ముందే చెప్పడం, తర్వాత వచ్చే జబ్బుకు జవాబుదారీ ఎవరన్నది తేల్చడం మన ప్రశ్నలు. ఇప్పటికీ అవే.

ఇక "జనం పెరిగిపోతున్నారు" అన్న మాట ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నిలబడి చూస్తే నిజమే అనిపిస్తుంది. వరంగల్ బస్సులు, మెట్రో దిగే జనం, పొద్దున్నే పని కోసం నిలబడే కూలీలు. ఈ జనం ఎక్కడినుంచి వచ్చారు? 2001-2011 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 11 శాతం పెరిగింది. పాత హైదరాబాదు జిల్లాలో పెరుగుదల 3 శాతమే. ఉప్పల్, నాచారం అప్పుడు ఉన్న రంగారెడ్డి జిల్లాలో మాత్రం 48 శాతం. దాదాపు 36 లక్షలున్న జనం 53 లక్షలయ్యారు. ఇది ఇక్కడి స్త్రీలు ఎక్కువగా కనడం వల్ల వచ్చిన పెరుగుదల కాదు. నల్లగొండలో, పాలమూరులో, వరంగల్‌లో నీళ్ళు లేక, అప్పులు తీరక, ఒరిస్సా, బీహారుల్లో పని దొరకక వచ్చినవాళ్ళు. నగరంలో ఇల్లు కొనలేక శివార్లకు జరిగినవాళ్ళు. ఊళ్ళో బతుకుతెరువు పోవడం, పెట్టుబడి అంతా ఒకే నగరం చుట్టూ చేరడం దీనికి కారణాలు.

ఫలితాలు కూడా అక్కడే వెతకాలి. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. మెట్రో 2017లో వచ్చింది. బస్తీలో మాత్రం నల్లా నీళ్ళ కోసం, ట్యాంకరు కోసం ఎదురుచూసేది ఇప్పటికీ ఆడవాళ్ళే. చెరువులు కంపు కొట్టడానికి ఫ్యాక్టరీల వ్యర్థాలు, డ్రైనేజీ లేని కాలనీలు, ఎఫ్.టి.ఎల్. లోపల లేచిన కట్టడాలు కారణం కాగా, నేరం మాత్రం "ఎక్కువమందిని కనే" బీదవాళ్ళ మీద పడుతుంది. ఇరుకుగదిలో ఆరుగురు బతికే ఇల్లు కనిపిస్తుంది గానీ, ఆ గది అద్దె జీతంలో ఎంత భాగమో ఎవరికీ కనిపించదు.

జనాభా సమస్యే లేదని మేం అనడం లేదు. 1951లో 36 కోట్లున్న దేశం 2011 నాటికి 121 కోట్లు దాటింది. మశూచి, మలేరియా, కరువు మరణాలు తగ్గాయి, జననాలు మాత్రం అంత త్వరగా తగ్గలేదు. పుట్టిన పిల్లలు బతుకుతారన్న నమ్మకం లేకపోవడం, ముసలితనంలో కొడుకు తప్ప వేరే ఆధారం లేకపోవడం, పిల్లల కూలి కూడా ఇంటికి అవసరం కావడం, ఆడపిల్లకు పదహారేళ్ళకే పెళ్ళి చెయ్యడం, వద్దని చెప్పే హక్కు భార్యకు లేకపోవడం దీనికి మూలాలు. ఈ మూలాలను తాకకుండా కేవలం సంఖ్య తగ్గిస్తే ఏమవుతుందో మనం చూశాం. ఇద్దరే చాలన్నారు, ఆ ఇద్దరిలో ఒకడు కొడుకు కావాలన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0-6 ఏళ్ళ పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి అది 940 దరిదాపుకు పడిపోయింది. కుటుంబం చిన్నదైంది, దాని లోపలి పితృస్వామ్యం చిన్నది కాలేదు.

1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఇలాంటిదే. అదే చట్టం స్త్రీలకు మూడో వంతు సీట్లిచ్చింది, అదే చట్టం వాళ్ళను పిల్లల లెక్క అడిగింది. ఎంతమందిని కనాలో నిర్ణయించే శక్తి లేని కోడలు ఆ నిర్ణయానికి పదవి పోగొట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ చేసిన అధ్యయనంలో భార్యలను వదిలెయ్యడం, గర్భస్రావాలు, పిల్లల్ని దత్తతకు ఇచ్చెయ్యడం బయటపడ్డాయి. అయినా 2003లో సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఈ నిబంధనను సమర్థించింది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గం కూడా పంచాయతీ ఎన్నికల్లో దీన్ని ఎత్తివెయ్యాలని నిర్ణయించింది. మనం ఇరవై ఏళ్ళుగా అడిగింది జరిగింది, సంతోషమే. కానీ అది స్త్రీల హక్కు అని ఎవరూ అనలేదు. జనం తగ్గుతున్నారనే అన్నారు.

దక్షిణాది నాయకుల భయంలో న్యాయం లేకపోలేదు. 1971 జనాభా ఆధారంగా స్తంభింపజేసిన లోక్‌సభ సీట్ల పంపకాన్ని 84వ సవరణ 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. జననాలు తగ్గించిన రాష్ట్రాలకు పార్లమెంటులో గొంతు తగ్గకూడదన్నది సరైన వాదనే. దానికి పరిష్కారం రాజ్యాంగంలో, రాష్ట్రాల మధ్య ఒప్పందంలో వెతకాలి. సీట్ల కోసం స్త్రీలు కనాలనడం ఎక్కడి న్యాయం?

కనమంటున్నవాళ్ళు పెంచడం గురించి ఏం చెబుతున్నారు? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చింది, మూడో కాన్పుకు 12 వారాలే. యాభై మంది పనిచేసేచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. నాచారం కంపెనీల్లో గేటు లోపలికి చంటిపిల్లతో వెళ్ళగలిగే తల్లులు ఎందరు? ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళకు, అడ్డా కూలీలకు ఆ సెలవూ లేదు, ఇ.ఎస్.ఐ. కార్డూ లేదు. పైగా ముసలివాళ్ళు పెరుగుతున్నారంటే వాళ్ళకు సేవ చేసే కోడళ్ళ, కూతుళ్ళ పని పెరుగుతోందని అర్థం. మూడో బిడ్డను, అత్తమామలను, ఉద్యోగాన్ని ఒకే మనిషి మొయ్యాలని ఏ విధానపత్రమూ రాయదు, కానీ లెక్క అలాగే వేస్తారు.

మనలో మనం కూడా ఒక మాట చెప్పుకోవాలి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసిన మనలో కొందరం టార్గెట్ల కాలంలో ఆశా, ఎ.ఎన్.ఎం. కార్యకర్తల వెంట బస్తీలు తిరిగాం, "ఇద్దరు చాలు" అని చెప్పాం. మంచికే అనుకున్నాం. ఆపరేషన్ తర్వాత ఆమె నడుము సంగతి అడగటానికి మళ్ళీ వెళ్ళినవాళ్ళం తక్కువ. ఇప్పుడు "ముగ్గురు కావాలి" అనే కార్యక్రమం వస్తే దానికీ అలాగే తోడు వెళ్ళకూడదు.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. శిబిరాల పద్ధతి పూర్తిగా ఆగాలి. ఆపరేషన్ అయిన స్త్రీలకు జీవితాంతం ఉచిత వైద్యపరీక్షలు జరగాలి, ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి తిరిగి కలిపే శస్త్రచికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో దొరకాలి. తాత్కాలిక పద్ధతులన్నీ పూర్తి సమాచారంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. కండోమ్, వేసెక్టమీ గురించి మగవాళ్ళతో మాట్లాడే కార్యక్రమం కావాలి. ప్రసూతి సెలవులో కాన్పుల లెక్క పోవాలి. పారిశ్రామికవాడల్లో శిశుసంరక్షణ కేంద్రాలు తనిఖీకి నిలవాలి. ఒంటరి, వృద్ధ స్త్రీల పింఛను బతకడానికి సరిపోవాలి. ఇవన్నీ ఇచ్చాక ఒక స్త్రీ ఒకరిని కన్నా, ముగ్గురిని కన్నా, అసలు వద్దనుకున్నా అది ఆమె ఇష్టం.

ఆ రోజు సమావేశం చివర్లో నాచారం అక్క మళ్ళీ అడిగింది, "మరి నా నడుము సంగతి ఎవరు చూస్తరు?" అని. మేం ఆమె వయసు, ఆపరేషన్ అయిన సంవత్సరం, ఊరు రాసుకున్నాం. ఆమె పక్కనున్న పదకొండు మందివీ రాసుకున్నాం. మీ బస్తీల్లో, మీ ఊళ్ళల్లో మీరూ రాయండి. జనాభా విధానం మీద ప్రభుత్వం తన లెక్కలు తీసుకుని వచ్చేనాటికి మన చేతిలో మన లెక్కలుండాలి.